ద్రాక్షతీగయు తాడిచెట్టును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. గుడి కట్టిన ఊరికి దీపము పెట్టువాడు దొరకును. బడి పెట్టిన ఊరికి ప్రభుత్వము ఉపాధ్యాయుని పంపును. గ్రంథాలయమునకు మాత్రము ఊరివారి అభిమానమే ఆదాయము. చదువరుల రాకపోకలే దానికి ప్రాణము. అట్టి ప్రాణము ఇక్కడ పాతికేండ్లు నిలిచినది. అందుకు కారకులైన పెద్దలను, చందాదారులను మనసార అభినందించుచున్నాను.

ఈ సీమకు గ్రంథాలయోద్యమము క్రొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడినుండి కొల్లూరువరకు కాలువమీద పడవలో పుస్తకములు పంపించిరి. రేవున పడవ ఆగగనే రైతులు, స్త్రీలు, బాలురు తమకు కావలసిన పుస్తకమును అందుకొనుచుండిరి. అనగా పుస్తకమే చదువరిని వెదకికొని వచ్చిన సీమ మనది. నేడు నేను చెప్పబోవు విషయము దీనికి తలక్రిందుల వంటిది. ఒక పంటను వెదకికొని దేశదేశముల మనుష్యులు పల్లెలకు నడచి వచ్చుటనుగూర్చి నేను చెప్పదలచినాను.

స్పెయిను దేశమున రియోహా అను ద్రాక్షసీమ కలదు. ఆ సీమకు యాత్రికులు ఏల వచ్చుచున్నారు, వచ్చి ఏమి చూచుచున్నారు, వారి రాకవలన ఆ పల్లెలకు కలిగిన మేలు కీడు లెట్టివి, అందు మనము గ్రహింపదగిన దేమైన కలదా అన్నదే నేటి ప్రసంగ విషయము. రేపల్లె కాలువగట్టున కూర్చున్న మనకు ద్రాక్షసారాయి కథ ఏల అని కొందరు నవ్వవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ప్రసంగము ముగియులోపల చెప్పవలసిన బాధ్యత నాకున్నది.

స్పెయిను దేశపు ఉత్తరభాగమున ఏబ్రో అను నది ప్రవహించుచున్నది. ఆ నదికి ఇరుప్రక్కల, కొండల నడుమ, వాలు నేలలలో రియోహా విస్తరించి యున్నది. ఉత్తరపు కొండలు సముద్రపు చలిగాలులను అడ్డగించుచుండును. సుమారు 65 వేల హెక్టార్లలో, అనగా మన లెక్కకు దాదాపు లక్షా అరువది వేల ఎకరములలో, ద్రాక్ష పెరుగుచున్నది. అచటి ముఖ్యమైన రకమును తెంప్రానీయో అందురు. వారి భాషలో ‘తెంప్రానో’ అనగా ముందుగా అని అర్థము. ఈ రకము తక్కినవానికంటె ముందుగా పండును. కావున దానికా పేరు వచ్చినది. సేద్యగాడు పెట్టిన పేరు ఎక్కడనైనను ఇట్లే సూటిగా నుండును గదా!

ఈ సీమలో ద్రాక్షసేద్యము రోమనుల కాలమునుండి కలదు. కాని లోకప్రసిద్ధి వచ్చినది మాత్రము పందొమ్మిదవ శతాబ్దమున. 1858లో ఎల్సియేగో అను పల్లెలో మార్కెస్ దె రిస్కాల్ అను సారాయిశాల స్థాపింపబడినది. ఫ్రాన్సు దేశపు పద్ధతిని అనుసరించి ఓకు కొయ్య పీపాలలో ద్రాక్షసారాయిని నిలువ చేయుట అచట ప్రబలినది. తరువాత కొలది సంవత్సరములకే ఫ్రాన్సుకు పెద్ద ఆపద వచ్చిపడినది. ఫిలాక్సెరా అను అతి సూక్ష్మమైన పురుగు ద్రాక్షవేళ్లను పట్టి ఫ్రాన్సు తోటలను నాశనము చేసినది. అపుడు ఫ్రెంచి వర్తకులు సరకుకొరకు కొండలు దాటి రియోహాకు వచ్చిరి. ఆరో అను పట్టణపు రైలుస్టేషను చుట్టును సారాయిశాలలు ఒకదాని ప్రక్క నొకటి లేచినవి. వానిలో కొన్ని నేటికిని అదే చోట పనిచేయుచున్నవి.

పరుల ఆపదవలన వచ్చిన భాగ్యము చిరకాలము నిలువలేదు. శతాబ్దము ముగియు వేళకు ఆ పురుగే రియోహాకును వచ్చినది. దానికి మందు కనుగొన్నవారు తెలివిగలవారు. అమెరికా ద్రాక్షవేళ్లను ఈ పురుగు అంతగా బాధింపజాలదు. కావున అమెరికా వేరుమీద ఐరోపా కొమ్మను అంటుగట్టిరి. నేడు ఐరోపాలోని ద్రాక్షతోటలలో అధికభాగము ఇట్లు అంటుగట్టినదే. మామిడి అంటు కట్టెడి మనవారికి ఈ ఉపాయము వేరుగ వివరింప నక్కరలేదు.

1925లో రియోహాకు ఒక హక్కు లభించినది. ఆ సీమలో పండి, ఆ సీమ నియమములకు లోబడి తయారైన సరకుమీద తప్ప రియోహా అను పేరు వేయరాదని నిర్ణయము జరిగినది. 1991లో స్పెయిను ప్రభుత్వము అంతకంటె గొప్ప శ్రేణిని ఇచ్చినది. ఆ శ్రేణిని ఆ దేశమున మొట్టమొదట పొందినది రియోహాయే. నియమములు కఠినమైనవి. ‘రెసెర్వా’ అని పేరు పెట్టవలెనన్న ఎఱ్ఱసారాయి కనీసము మూడు సంవత్సరములు నిలువ యుండవలెను. అందు ఒక సంవత్సరమైనను కొయ్యపీపాలో నుండవలెను. ‘గ్రాన్ రెసెర్వా’ అను దానికి ఐదు సంవత్సరములు కావలెను. అనగా కొడుకు బడిలో చేరిననాడు పిండిన రసము, వాడు ఐదవ తరగతి ముగించిన తరువాతనే అంగడికెక్కును. ఓర్పును అమ్ముకొనుట అనగా ఇదియే.

మన దేశమునను ఇట్టి హక్కు కలదు. 1999లో పార్లమెంటు భౌగోళిక గుర్తింపు చట్టమును చేసినది. దానిక్రింద తిరుపతి లడ్డునకు 2009లోను, బందరు లడ్డునకు, బంగినపల్లి మామిడికి 2017లోను, అరకు కాఫీకి 2019లోను గుర్తింపు వచ్చినది. ఊరిపేరు సరకునకు విలువ తెచ్చుననియు, ఆ విలువ ఊరివారికే చెందవలెననియు ఈ చట్టము ఒప్పుకొనినది.

ఇక యాత్రికుల మాట. రియోహా సారాయి లండనులోను న్యూయార్కులోను అంగడిలో దొరకును. సీసా కొరకే యైనచో ఎవరును అంతదూరము పోనక్కరలేదు. ఐనను పోవుచున్నారు. ఏల? ఆ తీగను చూచుటకు, ఆ నేలను తాకుటకు, ఆ పనివానితో మాటాడుటకు. లాగార్దియా అను కోట పట్టణమున వీథుల క్రింద నేలను తొలిచి చేసిన సొరంగపు కొట్లు గలవు. వేసవిలోను చలికాలములోను ఆ కొట్లలో చల్లదనము ఒకే తీరున నుండును. యాత్రికులు దీపములు పట్టుకొని దిగి వానిని చూచుచుందురు. బ్రియోనెస్ అను చిన్న ఊరిలో 2004లో ద్రాక్షసంస్కృతికి గొప్ప ప్రదర్శనశాల వెలసినది. ప్రాచీనకాలపు కల్లుకూజాలు, పిండెడి యంత్రములు, తీగ కోసెడి కత్తులు అందు చూడవచ్చును. ఇంతకుముందు చెప్పిన ఎల్సియేగో సుమారు వేయిమంది జనము గల పల్లె. అచట 2006లో ఫ్రాంక్ గేరీ అను ప్రఖ్యాత శిల్పి వంకరలు తిరిగిన లోహపు రేకుల పైకప్పుతో ఒక వసతిగృహమును నిర్మించినాడు. ఆ పైకప్పు చూచుటకే ఖండాంతరములనుండి జనము వచ్చుచున్నారు.

పండుగలును గలవు. జూను 29వ తేదీన ఆరో పట్టణమువారు దగ్గరి కొండకుపోయి, మనవారు వసంతము చల్లుకొన్నట్లు, ఒకరిపై నొకరు ద్రాక్షసారాయి చల్లుకొందురు. సెప్టెంబరులో లోగ్రోన్యో నగరమున కోతల పండుగ జరుగును. అపుడు ద్రాక్షపండ్లను కాళ్లతో త్రొక్కి, వచ్చిన తొలిరసమును వల్వనేరా మాతకు నివేదింతురు. ఇచట ఒక్క విషయము గమనింపుడు. నివేదనకు పెట్టునది పులిసిన సారాయి కాదు; పులియని తియ్యని రసము. ఈ మాటను మీరు మనసున నుంచుకొనవలెను. మరల దానికి వత్తును.

వీనియన్నిటికంటె నన్ను ఆకర్షించినది వేరొకటి గలదు. రియోహాలో సాన్ మిల్యాన్ అనుచోట రెండు ప్రాచీన మఠములు గలవు. సుమారు వేయి సంవత్సరముల క్రిందట అచటి సన్యాసి యెవ్వడో లాటిను గ్రంథమును చదువుచు, తనకు తెలియని మాటలకు అంచున తన ఇంటిభాషలో అర్థము వ్రాసికొన్నాడు. ఆ అంచువ్రాతలే స్పెయిను భాషకు దొరికిన మిగుల ప్రాచీనమైన ఆనవాళ్లలో చేరినవి. వ్రాతప్రతి నేడు మాద్రిదు నగరమున నున్నది. ఐనను 1997లో ఆ మఠములను ప్రపంచ వారసత్వ స్థలములుగా ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ గుర్తించినది. ద్రాక్ష చూడవచ్చినవాడు ఆ మఠమును చూడక పోడు. ఒక చదువరి అంచున గీసిన నాలుగు ముక్కలు ఒక సీమకు కీర్తి తెచ్చిపెట్టినవి. గ్రంథాలయపు పుస్తకములపై గీతలు గీయువారికి ఇది ప్రోత్సాహముగా నేను చెప్పుట లేదు!

అసలు రహస్యము ఇచటనే యున్నది. యాత్రికుడు డబ్బిచ్చి కొనుక్కొనునది సారాయి కాదు. ఆ సారాయి వెనుకనున్న కథ. ఆ కథను చెప్పగలవాడు ఊరిలో నుండవలెను. ఈ తీగను ఎవరు నాటిరి, ఈ కొట్టు ఎన్నడు త్రవ్విరి, ఆ పురుగు ఎట్లు వచ్చెను, తాత ఏమి చేసెను అని చెప్పగల రైతు ఉన్నచోటికే యాత్రికుడు వచ్చును. కాబట్టి ఈ వ్యాపారమునకు మొదటి పెట్టుబడి వసతిగృహము కాదు, మోటారుబండి కాదు. తన ఊరినిగూర్చి తనకు తెలిసియుండుట. ఆ తెలివిని కూడబెట్టు స్థలము గ్రంథాలయము. ద్రాక్షసీమ కథ గ్రంథాలయ సభలో ఏల అన్న ప్రశ్నకు ఇది నా మొదటి సమాధానము.

రెండవ సమాధానము మన పొలిమేరలోనే నిలిచియున్నది. బాపట్లనుండి రేపల్లెవరకు, ఇసుక పఱ్ఱలలోను చేలగట్లమీదను నిలిచిన తాడిచెట్టే అది. ద్రాక్షతీగ రియోహాకు ఎట్టిదో తాడి మనకట్టిది. నిజమునకు అంతకంటె నెక్కువ. ద్రాక్ష పండును రసమును ఇచ్చును. తాడి నీరాను, కల్లును, బెల్లమును, ముంజలను, పండును, తేగలను ఇచ్చును. ఇంటికి దూలమును, కప్పునకు ఆకును, విసరుకొనుటకు విసనకఱ్ఱను, పరచుకొనుటకు చాపను ఇచ్చును. సముద్రపుగాలికి కొంత అడ్డునిలుచును. 1977 నవంబరు 19న దివిసీమను, మన తీరమును ముంచిన ఉప్పెనను ఎరిగిన పెద్దలు ఈ సభలో నున్నారు. గట్టున చెట్టు ఉండుటకును లేకుండుటకును గల భేదము వారికి చెప్ప నక్కరలేదు.

వీనికంటె గొప్ప ఉపకారము వేరొకటి గలదు. కాగితము రాకమునుపు మన వాఙ్మయమును మోసినది తాటాకే. ఆకును ఎండబెట్టి, ఉడికించి, నునుపుచేసి, గంటముతో వ్రాసి, మసి పూసి, రంధ్రము చేసి త్రాటికి గ్రుచ్చిరి. భారతమైనను వైద్యమైనను గ్రామ కరణపు లెక్కయైనను దానిమీదనే నిలిచినది. ద్రాక్షతీగ ఎన్నడును పుస్తకము కాలేదు, తాడి ఐనది. గ్రంథాలయము పేర సభ జరుపుకొనుచు తాడిచెట్టును స్మరింపకపోవుట కృతఘ్నత యగును.

ఇంతటి చెట్టునకు మనము చేసిన గౌరవ మేమి? తాడిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యందురని సామెత చెప్పుకొన్నాము. ఆ అపకీర్తి చెట్టునకును అంటినది, చెట్టెక్కువానికిని అంటినది. మోకు నడుమునకు చుట్టుకొని, కత్తి మొలకు కట్టుకొని, తెల్లవారకముందే నిలువెత్తు చెట్లు ఎక్కి దిగు గీతపనివాని నైపుణ్యమును మనము విద్య యని ఎన్నడును అనలేదు. ఏ గెలను ఎన్నడు గీయవలెనో, ఎంత పలుచగా కోయవలెనో, పోతుతాడికిని పెంటితాడికిని గీతలో భేదమేమో అతనికి తెలియును. ఆ తెలివి ఏ పుస్తకమునను పూర్తిగా లేదు. చెట్టునుండి పడి కాలుచేతులు పోగొట్టుకొన్నవారు, ప్రాణములు కోల్పోయినవారు ప్రతి ఊరను గలరు. వారి కొడుకులు ఈ వృత్తిని విడుచుచున్నారు. విడుచుట తప్పని మనము అనజాలము. ఇంకొకవైపున చెట్లు ఇటుకబట్టీలకును, ఇండ్లస్థలములకును, చేపల రొయ్యల చెరువులకును బలియగుచున్నవి. తాటిటెంక నాటినవాడు గీతకు వచ్చిన చెట్టును చూచుటకు పదునైదు ఇరువది సంవత్సరములు వేచియుండవలెను. కొట్టుటకు ఒక్క పూట చాలును.

ఇచట మీలో పలువురికి ఒక సందేహము కలుగును. ‘ఇది త్రాగుడును గొప్పచేయుట గాదా?’ అని. ఈ సందేహమును దాటవేయుట న్యాయము కాదు. 1937లో మదరాసు ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించినది. 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి ఆంధ్ర మంత్రివర్గము ఈ నిషేధ సమస్యపైననే అవిశ్వాస తీర్మానమునకు లోనై పడిపోయినది; ఆనాడు గీతపనివారి బ్రతుకుతెరువు కొరకు గౌతు లచ్చన్నగారు పోరాడిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా అంగడిని మూయించి, రాష్ట్రమంతటను ఉద్యమమును లేపిరి. 1993లో సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. ఈ చరిత్రలో రెండు న్యాయములు ఎదురెదురుగా నిలిచినవి. సంసారము కూలిన స్త్రీ కన్నీరు ఒక న్యాయము. పనిపోయిన గీతకార్మికుని ఆకలి ఇంకొక న్యాయము. ఒకదానికొరకు రెండవదానిని త్రోసివేసిన ప్రతిసారియు సమస్య మరల తిరిగి వచ్చినది.

ఈ రెండు న్యాయములను కలుపు త్రోవ లేకపోలేదు. రియోహావారు మాతకు నివేదించు తొలిరసమును మనసున నుంచుకొనుడని ఇందాక మనవి చేసితిని. తాడికిని అట్టి తొలిరసము గలదు, అదియే నీరా. కుండలోపల సున్నము పూసి, సూర్యోదయమునకు పూర్వము దింపి, చల్లదనమున నుంచినచో అది పులియకుండ తియ్యగా నిలుచును. పులిసినచో కల్లగును, కాచినచో బెల్లమగును. అనగా చెట్టు ఇచ్చునది మత్తు కాదు, తీపి. మత్తు గాలిలోని సూక్ష్మజీవులవలన, మన ఆలస్యమువలన కలుగునది. 2023లో హైదరాబాదులో హుస్సేనుసాగరపు ఒడ్డున తెలంగాణ ప్రభుత్వము నీరా కేంద్రమును తెరచినది. కుటుంబములతో వచ్చి కూర్చుండి నీరా త్రాగుట అచట అపకీర్తి కాలేదు. మహానగరములో చెల్లిన మర్యాద చెట్టు పుట్టిన పల్లెలో ఏల చెల్లకూడదు? నీరాయు, బెల్లమును, ముంజలును, తేగలును పేరు తెచ్చుకొన్ననాడు గీతపనివానికి గౌరవమైన కూలి వచ్చును. స్త్రీల కంట నీరును రాదు.

యాత్రికుడు తాడిచెట్టును చూచుటకే వచ్చునా అందురా? మన తీరమున చూడదగిన వింకను గలవు. తెనాలిలో రైలెక్కి వేమూరుమీదుగా రేపల్లెకు పోవు త్రోవలో భట్టిప్రోలు గలదు. 1892లో అలెగ్జాండరు రే అచటి స్తూపమును త్రవ్వించి, ధాతువుల పేటికలను వెలికితీసెను. వానిపై చెక్కిన బ్రాహ్మీలిపి దక్షిణదేశమున మిగుల ప్రాచీనమైనవానిలో ఒకటి. దానిలోని కొన్ని అక్షరముల తీరు వేరెచటను కానరాదు. బ్యూలరు పండితుడు దానిని చదివి ప్రకటించెను. కుబిరకుడను రాజు పేరు అందు గలదు. సాన్ మిల్యాన్ అంచువ్రాతలకంటె మన పేటికల వ్రాత వేయి సంవత్సరములకు పైగా పాతది. కాని ఆ మఠమునకు వచ్చు జనమును, మన స్తూపమునకు వచ్చు జనమును పోల్చి చూచినచో సిగ్గు కలుగును.

రేపల్లెకు దిగువ నిజాంపట్నము గలదు. 1606లో డచ్చివారును, 1611లో ‘గ్లోబు’ అను ఓడలో ఆంగ్లేయులును అచటికి వర్తకమునకు వచ్చిరి. బాపట్లలో భావనారాయణస్వామి ఆలయమును, 1945లో పుట్టిన వ్యవసాయ కళాశాలయు, చేరువను సూర్యలంక సముద్రతీరమును గలవు. ఇంకను దక్షిణమునకు పోయినచో వేటపాలెపు గ్రంథాలయమున పాత తెలుగు పత్రికలు చూడవచ్చును. ఆ వెనుక మోటుపల్లి. మార్కో పోలో వర్ణించిన ‘ముత్ఫిలి’ ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు. అచట 1244లో కాకతి గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనము గలదు. పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును బలవంతముగా లాగుకొనుచుండగా, తాను మాత్రము నియమితమైన సుంకము తప్ప వేరేమియు తీసికొననని పరదేశపు వర్తకులకు ఆయన మాట ఇచ్చినాడు. ఆపదలో వచ్చిన అతిథిని దోచుకొనరాదను ధర్మమును రాతిమీద చెక్కించిన తీరము మనది. యాత్రికుని ఆదరించుట మనకు స్పెయినువారు నేర్పవలసిన విద్య కాదు. మనము మరచిన విద్య.

పంటను చూపి యాత్రికుని పిలుచుట మన రాష్ట్రమున నాంది పలుకనిదియు గాదు. అరకులోయలో గిరిజనులు పండించు కాఫీకి పేరు వచ్చిన వెనుక, రైలుమీద కొండగుహలను చూడవచ్చినవారు కాఫీతోటలను, కాఫీ ప్రదర్శనశాలను చూడకుండ తిరిగిపోవుట లేదు. దీనికి ప్రతికూలమైన ఉదాహరణమును గలదు. ఒకనాడు హైదరాబాదు చుట్టుపట్ల అనాబెషాహి ద్రాక్షతోటలు ప్రసిద్ధములై యుండెను. నగరము పెరిగి భూమి ధర హెచ్చగనే ఆ తోటలలో అధికభాగము ఇండ్లస్థలములైనవి. పంటకు పేరున్నంత మాత్రమున చాలదు. ఆ పేరును కాచు కట్టడి లేనిచో పంట నిలువదు.

ఐతే యాత్రికుల రాక సర్వరోగ నివారిణి యని నేను చెప్పుట లేదు. రియోహాలోనే 2023 ప్రాంతమున సారాయి నిలువలు పేరుకొనిపోయినవి. పచ్చికాయలను కోసి పారవేసిన రైతునకు ప్రభుత్వము పరిహారము ఇయ్యవలసి వచ్చినది. పెద్ద సారాయిశాలలకు వచ్చు లాభము ద్రాక్ష అమ్ముకొను చిన్నరైతు వరకు దిగుట లేదని అచటి రైతుసంఘముల ఫిర్యాదు. వంకర పైకప్పుల వసతిగృహములో బసచేసిన ధనికుడు ఇచ్చిన సొమ్ములో తీగ కత్తిరించిన కూలివానికి ఎంత ముట్టునో విచారింపవలెను. మనకును ఈ ప్రమాదము గలదు. పట్టణపు పెట్టుబడిదారుడు వచ్చి సముద్రతీరమున మేడలు కట్టి, తాటాకు గొడుగు పెట్టి, మన పేరు తాను అమ్ముకొని, మనవారిని కావలివాండ్రను చేసినచో అది యాత్ర కాదు, జాతర కాదు, దోపిడి. గీతపనివానిని చెట్టెక్కించి ఛాయాచిత్రము తీసికొని నాలుగు రూకలు విసరుటయు గౌరవము కాదు. చెప్పువాడు వాడే కావలెను. విలువ కట్టువాడును వాడే కావలెను.

కావున పెద్ద మాటలు విడిచి, ఈ గ్రంథాలయము తన చేతనున్న శక్తితోనే చేయదగిన నాలుగు పనులను మనవి చేయుదును.

మొదటిది: ఊరిచరిత్ర పుస్తక మొకటి తయారు చేయవలెను. కాలువ ఎన్నడు త్రవ్విరి, చెరువు ఎవరు వేయించిరి, ఏ ఉప్పెనకు నీరు ఎంతవరకు వచ్చెను, ఏ గుడిలో ఏ శాసనమున్నది అనునవి పెద్దలు బ్రతికియుండగనే వ్రాసికొనవలెను. పేరు, తేదీ, చెప్పినవారి పేరు తప్పక యుండవలెను. కల్పించిన కథలు వలదు. యాత్రికునికంటె ముందు మన పిల్లలే వానిని నమ్మి చెడుదురు.

రెండవది: గీతపనివారి మాటలను సేకరింపవలెను. ప్రతి పనిముట్టునకు, ప్రతి గీతకు, చెట్టు ప్రతి దశకు వారివద్ద పేరు గలదు. ఈ మాటలు నిఘంటువులలో చాలవరకు ఎక్కలేదు. మన బడిపిల్లలు ఒక్కొక్క ముసలివానివద్ద కూర్చుండి వ్రాసికొన్నచో, ఒక వేసవిలో పుస్తకము సిద్ధమగును. వారి మోకును, కత్తిని, కుండను గ్రంథాలయమున ఒక బీరువాలో గౌరవముగా ఉంచవలెను. బ్రియోనెస్ పల్లె చేసినది ఇదియే. భవనము పెద్దదైనను ఆలోచన చిన్నదే.

మూడవది: ఇంటింట అటుకలమీద మూలుగుచున్న తాళపత్రములను విచారింపవలెను. యజమాని ఒప్పుకొన్నచో ఛాయాచిత్రములు తీసి భద్రపరుపవలెను. చెదలు సెలవు తీసికొనదు.

నాలుగవది: ప్రతి సంవత్సరము తాటిటెంకలను కూడబెట్టి, కాలువగట్లమీదను ఊరి పోరంబోకులోను పంచాయతి అనుమతితో నాటవలెను. టెంకకు ఖర్చు లేదు, నీరు పెట్టు శ్రమయు స్వల్పము. ఈ పనికి ఫలము మనలో పలువురు చూడకపోవచ్చును. ఐదు సంవత్సరములు పీపాను కదల్పక కూర్చుండు రియోహా రైతునకంటె, ఇరువది సంవత్సరములు వేచియుండగల తాడి నాటినవాడు తక్కువవాడు కాడు. పాతికేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు మొదటి పుస్తకము తెచ్చియిచ్చిన పెద్దలును ఫలమునకై తొందరపడి యుండరు.

2022 ఏప్రిలులో బాపట్ల వేరు జిల్లాయైనది. రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. పటముమీద గీత మారినను కాలువ నీరు గీతను చూచి ఆగలేదు. ఈ మూడు ఊళ్ల నడుమనున్న పల్లెల గ్రంథాలయములన్నియు కలిసి, ఒక్కొక్కటి తన ఊరి కథను వ్రాసినచో, ఆ పుస్తకముల వరుసయే ఈ డెల్టాకు మార్గదర్శిని యగును. దానిని చేతబట్టుకొని యాత్రికుడు వచ్చిన రానిమ్ము. రాకపోయినను మనకు నష్టము లేదు. మన ఊరిని మనము తెలిసికొని యుందుము. తెలిసికొన్నవాడు చెట్టును ఊరక కొట్టనీయడు. చెట్టెక్కువానిని చులకన చేయడు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేడు నాటిన టెంకలు గీతకు వచ్చియుండును. ఆ సభకు వచ్చినవారికి మన పిల్లలు నీరా పోసి, ఊరిచరిత్రను చేతికిచ్చి, ‘ఇది మా తాతలు నాటినది, ఇది మా అన్నలు వ్రాసినది’ అని చెప్పగలుగుదురు గాక యని కోరుచున్నాను.